హైడ్రోజన్ కోర్సుకు లక్షన్నర కట్టమంటున్నారు, కట్టాలా?

ప్రశ్న: నేను గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగిని. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాడు. ఇకముందు గ్యాస్ పైపులైన్లలో హైడ్రోజన్, బయోగ్యాస్ కలుపుతారని, ఏడాది కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక ప్రైవేట్ సంస్థవాళ్లు చెప్పారు. ఫీజు లక్షన్నర. కట్టమంటారా, ఈసెట్ రాయించమంటారా సార్?

జవాబు: కట్టకండి. నిరుడు చేరినవాళ్లు ఇప్పుడు ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో చూపించమనండి. గ్యారంటీ సంగతి అక్కడే తేలిపోతుంది.

అయితే వాళ్లు చెప్పిన రంగం మాత్రం అబద్ధం కాదు. సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్టీపీసీ, గుజరాత్ గ్యాస్ కలిసి 2023 జనవరి నుంచి టౌన్‌షిప్ ఇళ్లకు వెళ్లే వంటగ్యాస్‌లో హైడ్రోజన్ కలుపుతున్నాయి. 5 శాతంతో మొదలుపెట్టారు. అంత తక్కువ ఎందుకంటే, ఘనపరిమాణంలో చూస్తే హైడ్రోజన్ ఇచ్చే వేడి సహజవాయువులో మూడో వంతే. 20 శాతం కలిపినా దానివల్ల వచ్చే శక్తి సుమారు 7 శాతమే. పైగా అది స్టీల్‌లోకి చొరబడి పైపును పెళుసుగా చేస్తుంది. ఎక్కువ ప్రెషర్‌లో నడిచే పెద్ద లైన్లకు ఈ ముప్పు ఎక్కువ. ఊళ్లలో వేసే ఎండీపీఈ ప్లాస్టిక్ పైపులకు ఈ బాధ లేదు కానీ, అక్కడ కూడా జాయింట్లు, గాస్కెట్లు, వాల్వులు, మీటర్లు అన్నీ సరిచూసుకోవాలి. చిన్న అణువు కదా, సందు దొరికితే జారుకుంటుంది.

ఇందులో మీ అబ్బాయికి పని ఎక్కడుందో చూడండి. వెల్డింగ్ తనిఖీ, లీక్ సర్వే, కంప్రెసర్ మెయింటెనెన్స్, తుప్పు నివారణ. ఇవన్నీ మెకానికల్ వాళ్ల పనులే. హైడ్రోజన్ కలిపినా కలపకపోయినా గ్యాస్ లైన్ ఉన్నచోట ఇవి ఉంటాయి. అందుకే పేరులో హైడ్రోజన్ ఉన్న సర్టిఫికెట్ కన్నా ఎన్‌డీటీ (పైపును కోయకుండానే లోపల లోపాలు కనిపెట్టే పరీక్షలు) లెవెల్ 2 సర్టిఫికెట్ చేతికి వస్తే మేలంటాను. ఖర్చూ చాలా తక్కువ.

ఇంకో మాట. హైడ్రోజన్ కోసం గుజరాత్ దాకా చూడనక్కర్లేదు. మీ ఊరి పక్కనే ఉన్న ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఎరువుల కర్మాగారం)కు కాకినాడ దగ్గరి మల్లవరం వైపు నుంచి పైపులైన్‌లో సహజవాయువు వస్తుంది. దానికి ఆవిరి కలిపి హైడ్రోజన్ తీస్తారు, గాలిలోని నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేస్తారు, దాన్నుంచి యూరియా. అంటే హైడ్రోజన్‌తో రోజూ పనిచేసే మనుషులు మీ బస్తీల్లోనే ఉంటారు. ప్రాజెక్ట్ వర్క్‌కో అప్రెంటిస్‌కో అక్కడ అవకాశం ఉందేమో కాలేజీ ద్వారా అడిగించండి. కేంద్రం నడిపే అప్రెంటిస్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేయించడం మరవొద్దు.

బయోగ్యాస్‌కు అంత గ్లామర్ లేదు. ఉద్యోగాలు మాత్రం ముందు అటువైపే వస్తాయని నా అంచనా. కేంద్రం నిబంధన ప్రకారం సీఎన్‌జీలో, ఇళ్లకిచ్చే పైపు గ్యాస్‌లో కంప్రెస్డ్ బయోగ్యాస్ వాటా 2025-26లో 1 శాతం ఉండాలి. అది పెరుగుతూ 2028-29కి 5 శాతం కావాలి. పేడ నుంచో కూరగాయల చెత్త నుంచో వచ్చే ముడి గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం, మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. కొంచెమే ఉన్నా ఇబ్బంది పెట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. తడి తగిలితే పైపును తినేస్తుంది, పీలిస్తే మనిషికే ప్రమాదం. వీటిని తీసేసి మీథేన్ 90 శాతం దాటిస్తే సహజవాయువు లైన్‌లో నిక్షేపంగా కలపొచ్చు. కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో కోతలయ్యాక కాలబెట్టే వరిగడ్డి కూడా దీనికి ముడిసరుకే. కాకపోతే గడ్డిని కట్టలు కట్టి ప్లాంట్‌కు చేర్చడమే ఖర్చు, దాన్ని జీర్ణం చేయించడం పేడంత తేలిక కాదు. మొదట్లో జీతాలు పెద్దగా ఉండవు, ప్లాంట్లు ఊళ్లకు దూరంగా ఉంటాయి.

ఈసెట్ రాయించండి. మంచి ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా మెకానికల్‌లో చేరతాడు, తర్వాత గేట్ దారీ తెరిచే ఉంటుంది. మామూలు కాలేజీలో, అదీ అప్పు చేసి చదవాల్సి వస్తే మాత్రం నేనైతే ఏడాది అప్రెంటిస్‌కే ఓటేస్తాను. చేరేముందు షిఫ్టుల గురించి, గ్యాస్ దగ్గర పనిచేసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తల గురించి మీరే కూర్చోబెట్టి చెప్పండి. బొగ్గుబాయిలో మీథేన్ ఎంతుందో చూసుకునే పనిలోకి దిగే మీకన్నా ఆ సంగతులు తెలిసినవాళ్లు వాడికి ఎక్కడ దొరుకుతారు?