ఫ్యాన్ వేసినా కిచెన్‌లో పొగ పోవడం లేదా?

ప్రశ్న: నా వయసు 38. ఫ్లాట్‌లో ఉంటున్నాం. కిచెన్ చిన్నది. ఉన్న ఒక్క కిటికీ డక్ట్ వైపు తెరుచుకుంటుంది, దాని పక్కనే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. మా అత్తగారికి ఆస్తమా. అందుకని పొగ హాల్లోకి రాకుండా తలుపు మూసి గ్యాస్ స్టవ్ మీద వంట చేస్తాను. ఫ్యాన్ వేసినా పొగ పోదు. నెల రోజులుగా పొడిదగ్గు, కళ్లమంట. ఏం చేయాలి?

జవాబు: అత్తగారి కోసం తలుపు మూస్తున్నారు, కానీ ఆ పొగంతా మీరే పీలుస్తున్నారు. తలుపు మూసినందువల్లే ఫ్యాన్ సరిగా పనిచేయడం లేదని నా అనుమానం. గాలి బయటికి పోవాలంటే అంత గాలీ లోపలికి రావాలి. పక్కనున్న కిటికీ తెరిచినా లాభం ఉండదు. అక్కడి గాలి అక్కడే ఫ్యాన్‌లోకి వెళ్లిపోతుంది, స్టవ్ మీది పొగ కదలదు.

వంట మొదలుపెట్టేటప్పుడు హాల్లో కిటికీ తెరవండి, కిచెన్ తలుపు కొద్దిగా తీసి ఉంచండి, ఫ్యాన్ పక్క కిటికీ మూసేయండి. అప్పుడు గాలి హాల్లోంచి కిచెన్‌లోకి వస్తుంది కాబట్టి పొగ హాల్లోకి రావడం బాగా తగ్గుతుంది. ఆ కాసేపు అత్తగారిని వేరే గదిలో తలుపు వేసుకుని ఉండమనండి. తిరుగుతున్న ఫ్యాన్ జాలీకి పల్చటి టిష్యూ పేపర్ ఆనించి చూడండి. అతుక్కుంటే ఫ్యాన్ లాగుతున్నట్టే. మీ వైపు ఎగిరితే డక్ట్‌లోని గాలి వెనక్కి కొడుతోందన్నమాట. రెక్కలకు జిడ్డు పట్టినా గాలి తగ్గుతుంది. స్టవ్ ఆపాక పది, పదిహేను నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి.

కంటికి కనిపించే పొగ ఒక్కటే కాదు. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఆస్తమా ఉన్నవారికి అది మంచిది కాదు. నూనె బాగా కాగి పొగలు కక్కితే అక్రోలిన్ అనే ఘాటు వాయువు పుడుతుంది. మీ కళ్లమంటకు అది ఒక కారణం కావచ్చు. ఎక్కువ వేడి మీద వేయించేటప్పుడు వచ్చే పొగలను, క్యాన్సర్ కారకాలను పరిశీలించే ఐఏఆర్‌సీ సంస్థ ‘బహుశా క్యాన్సర్ కలిగించేవి’గా 2ఏ గ్రూపులో చేర్చింది. దీనికి టెన్షన్ పడకండి, మీకు క్యాన్సర్ వస్తుందని కాదు. నూనె పొగ రాకముందే మంట తగ్గించండి, మూత పెట్టి వండండి. ఇండక్షన్ స్టవ్‌కి మారితే గ్యాస్ మంట వాయువులు ఉండవు కానీ నూనె పొగ ఉంటుంది. చిమ్నీ కొంటే పొగను గొట్టం ద్వారా బయటికి పంపేదే తీసుకోండి. గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం మీ కిచెన్‌కి చాలదు.

మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే బర్నర్ శుభ్రం చేయించండి. వంట సమయంలో తలనొప్పి, తల తిరగడం, వికారం, ముఖ్యంగా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే, అది వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. వెంటనే స్టవ్ ఆపి అందరూ బయటికి వచ్చేయండి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

నెల రోజుల దగ్గును పొగ మీదకు నెట్టేసి సిరప్‌లతో గడపొద్దు. ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించుకోండి. ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) అవసరం కావచ్చు. పిల్లికూతలు, ఆయాసం, కళ్లెలో రక్తం కనిపిస్తే అసలు ఆగొద్దు. వెళ్లేముందు ఓ వారం పాటు దగ్గు ఏ వేళల్లో పెరుగుతోందో, వంట చేయని రోజు తగ్గుతోందో లేదో రాసుకోండి. ఆ కాగితం డాక్టర్‌కి చాలా ఉపయోగపడుతుంది.