తువ్వాళ్ల లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. "బాత్ నగరంలో హాట్ బాత్ వీధి మలుపు తిరగగానే కాలం స్తంభించిపోతుంది" అని మొదలుపెట్టావు. మన యాత్రా వ్యాసాల్లో కాలానికి ఇదే పని. హంపీలో స్తంభించింది, గోల్కొండలో స్తంభించింది, ఇప్పుడు నీ వెంట ఇంగ్లండ్ దాకా వచ్చి అక్కడా స్తంభించింది. ఆ పేటలో మూడు వేడినీటి బుగ్గలున్నాయి. రోజుకు పది లక్షల లీటర్లకు పైగా నీళ్లు, 45 డిగ్రీల వేడితో, రాత్రీ పగలూ పొంగుతూనే ఉన్నాయి. వేల ఏళ్ల కిందట మెండిప్ కొండల మీద పడిన వాన అది. ఒక్క క్షణం ఆగని చోటు చూసి ఆగిపోయిందన్నావు. నీ కళ్లు అక్కడ లేవు, ఎక్కడో చదివిన వాక్యం మీద ఉన్నాయి.

తిట్టడానికే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను. నాలుగో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. "అద్దె కోసం సాయంత్రాలు హోటల్ నేలమాళిగలో తువ్వాళ్లు మడతపెడతాను" అన్నావు. అని, వెంటనే జార్జి రాజుల కాలపు జార్జియన్ వాస్తుకళా వైభవంలోకి వెళ్లిపోయావు. ఆ వాక్యం దగ్గర నేను కళ్లజోడు తీసి కాసేపు కూర్చున్నాను.

నన్ను మాస్టారూ అన్నావు. నేను బడిలో పాఠం చెప్పినవాణ్ణి కాను. పద్దెనిమిదేళ్లు రైసు మిల్లులో గుమాస్తాను. చిట్టా, ఆవర్జా రాసిన చేత్తోనే కథలు రాశాను. అందుకేనేమో నాకు ఒకటే పిచ్చి: ఊరి గురించి రాసేవాడు ముందు ఆ ఊరి చిట్టా తెరవాలి. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎవరు బాకీపడి పారిపోయారు. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. వినేవాళ్లు విసుక్కుంటారు, నువ్వూ విసుక్కో.

నా మొదటి కథ మిల్లు కథే. అందులో తవుడు ధర మీద ఒక పేరా ఉండేది. పత్రిక సంపాదకుడు దాన్ని కొట్టేసి, "పాఠకుడికి లెక్కలెందుకండీ, అనుభూతి కావాలి" అని రాశాడు. అనుభూతిగల కథ అచ్చయింది. మా మిల్లు హమాలీ ఒకాయన దాన్ని ఎవరిచేతో చదివించుకుని విని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "బస్తా మోస్తూ ఆకాశం వైపు చూశాడని రాశారంట. 75 కిలోల బస్తా వీపున ఉంటే ఆకాశం ఎట్లా కనపడుద్ది బాబూ?" అన్నాడు. ఆ వాక్యం సంపాదకుడిది కాదు, నాదే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

సరే, నీ పేటకు వద్దాం. మా అమ్మాయి బ్రిస్టల్‌లో ఉన్నప్పుడు నేనూ అక్కడికి వచ్చాను. రైలులో పావుగంట. వారం రోజులు ఆ సందులన్నీ తిరిగాను. రోమన్ల కాలంలో అక్కడ కొలిచిన సూలిస్ మినర్వా దేవత బుగ్గలో దొరికిన సీసపు రేకుల గురించి నువ్వు "మర్మమైన శాపాలు" అని రెండు మాటలు రాసి వదిలేశావు. మర్మమేముంది అందులో? అవి దొంగతనం ఫిర్యాదులు! సుమారు 130 రేకులు దొరికాయి. డోసిమెడిస్ అనేవాడి చేతి తొడుగులు రెండు పోయాయి. తీసినవాడి మతి పోవాలి, కళ్లు పోవాలి అని దేవతకు అర్జీ పెట్టుకున్నాడు. మగవాడైనా సరే, ఆడదైనా సరే, బానిసైనా సరే, స్వతంత్రుడైనా సరే అని ఎవరూ తప్పించుకోకుండా రాసిన రేకులూ ఉన్నాయి. మా ఊళ్లో కరణం రాసిన దస్తావేజుల్లోనూ ఇదే జాగ్రత్త. అదే బుగ్గలో పన్నెండు వేలకు పైగా రోమన్ నాణేలు దొరికాయి. గోదావరి వంతెన మీద రైలు వెళుతుంటే మా అమ్మ కిటికీలోంచి పైసలు విసిరేది. ఆ చేతికీ ఆ చేతికీ తేడా ఏమిటో నువ్వు చెప్పగలిగితే అప్పుడు మర్మం అను.

నీ పక్కనే క్రాస్ బాత్ ఉంది. 1687లో రెండో జేమ్స్ రాజు భార్య, మోడెనా మేరీ, సంతానం కోసం అందులో స్నానం చేసింది. మరుసటి ఏడు మగబిడ్డ పుట్టాడు. మొక్కు చెల్లించినట్టు కొలను నడుమ పాలరాతి స్తంభం నిలిపారు. డబ్బు మెల్‌ఫోర్ట్ ప్రభువుది. ఆ ఏడాది చివరికల్లా రాజు సింహాసనమే పోయింది! నీ వ్యాసంలో ఇదంతా "రాచరికపు జ్ఞాపకాలు" అనే రెండు మాటల కింద కప్పబడిపోయింది.

ఆ ఊరి వేడుకలకు పెత్తందారుగా ఉన్న బో నాష్ తెల్ల టోపీకి మాత్రం పేజీన్నర ఇచ్చావు. నాట్యశాలలో కత్తులు వద్దన్నాడు, మర్యాదలు నేర్పాడు, నిజమే. తిండి ఎక్కడిది అతనికి? జూదపు బల్లల మీద వాటా. పార్లమెంటు జూదం మీద చట్టాలు తెచ్చేసరికి ఆ వాటా పోయింది. చివరి రోజుల్లో నగరపాలకులు నెలనెలా ఇచ్చిన భత్యంతో బతికి, 1761లో పోయాడు. ఆ తర్వాత ఘనంగా ఊరేగింపు తీశారు. అది నీ కథ. టోపీ కాదు.

ఆ కాలంలో రోగులను స్నానం అయిన వెంటనే ఉన్నిగుడ్డల్లో చుట్టి, మూసిన కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మోతగాళ్లు తిన్నగా పడకగది దాకా మోసుకెళ్లేవారు. మన మేనా బోయీలే అనుకో. మెట్ల మలుపులో ఆ కుర్చీ ఎట్లా తిప్పేవారో, లోపలి మనిషి చెమటకూ బయటి మనిషి చెమటకూ తేడా ఏమిటో నాకు కావాలి. ఆ కుర్చీని నువ్వు "ముచ్చటైన వాహనం" అన్నావు. మా హమాలీ ఉంటే నీ బల్ల దగ్గరికీ వచ్చేవాడు.

అక్కడికి నాలుగు అడుగుల దూరంలో పేద రోగుల కోసం 1738లో పెట్టిన ఆస్పత్రి ఉండేది. రాయి రాల్ఫ్ ఆలెన్ తన గనుల నుంచి ఉచితంగా ఇచ్చాడు, చందాలు నాష్ పోగుచేశాడు. బాగానే ఉంది. ఆ రోజుల్లో లోపలికి వచ్చే రోగి మాత్రం ముందుగా కొంత సొమ్ము ధరావతు కట్టాల్సి వచ్చేది. బతికితే ఇంటికి తిరిగి వెళ్లే ఖర్చుకు, చస్తే పాతిపెట్టే ఖర్చుకు. దానధర్మాల చిట్టాలో ఈ పద్దు చూసినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది. ఊరి గుణం అంటే ఇదమ్మా. లేత తేనె రంగు రాయి కాదు. ఆ రంగు నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను.

ఇక కొండ మీదికి. వాస్తుశిల్పులైన జాన్ వుడ్ తండ్రీకొడుకులు వీధి వైపు ముఖం మాత్రమే గీసి, స్థలాలు కౌలుకిచ్చారు. వెనుక ఎవరి స్థోమత కొద్దీ వాళ్లు కట్టుకున్నారు. నెలవంకలా వంగిన రాయల్ క్రెసెంట్ ఇళ్ల ముందు నిలబడితే 30 ఇళ్లూ ఒకే వరస. వెనక్కి వెళితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ఉబ్బు. నేను పెరటి సందులోనే గంటసేపు నిలబడ్డాను. ఎవరో తలుపు తీసి ఏం కావాలని అడిగారు. ఏం చెప్పను? గోడ చూస్తున్నానన్నాను.

సర్కస్ అనే ఇళ్ల వలయంలో 14వ నంబరు గుమ్మం దగ్గర క్లైవ్ పేరుతో పలక ఉంది, 1774 అని. అదే ఏడాది నవంబరులో లండన్‌లో చనిపోయాడు. 1765లో ఢిల్లీ పాదుషా చేత ఉత్తర సర్కారులకు ఈస్టిండియా కంపెనీ పేర ఫర్మానా రాయించింది ఆయనే. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. మా ఊరి పొలాలు ఆ కాగితంలో ఉన్నాయి. ఆ ఇంట్లోకి మన వడ్ల డబ్బు వెళ్లిందని నేను అనను. ఆయన సొమ్ము ప్రధానంగా బెంగాలుది. అయినా ఏలూరు దగ్గర పుట్టిన పిల్లవు, ఆ గుమ్మం ముందు ఫొటో దిగి "ప్రశాంతత" అని రాసి వచ్చేశావు. పలక చదవలేదా?

1978లో ఆ బుగ్గల నీళ్లలో ఈదిన ఒక బాలిక అమీబా సోకి చనిపోయింది. కొలనులు మూసేశారు. మళ్లీ 2006లో కానీ జనం ఆ నీళ్లలో దిగలేదు. ఇరవై ఎనిమిదేళ్లు బాత్ అనే ఊళ్లో స్నానం లేదు! ఈ ముక్క నీ వ్యాసంలో లేనేలేదు. వారపత్రికల్లో వచ్చే "తప్పక చూడాల్సిన పది చోట్లు" చదివి చదివి మీ తరానికి చెడ్డ సంగతి రాస్తే అతిథి మర్యాద తప్పినట్టు అనిపిస్తుంది కాబోలు.

భాష బాగుంది. నవల మొదలుపెట్టనా అని అడిగావు, ఇంకా ఏవో రెండు ప్రశ్నలున్నాయి. ఆ కాగితం ఎక్కడో పెట్టాను.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. దాన్ని దిద్దకు, పక్కన పెట్టు. ఆ నేలమాళిగలో గంటకు ఎన్ని తువ్వాళ్లు మడతపెడతావు, గంటకు ఎంత ఇస్తారు, తడి తువ్వాలు ఎంత బరువు, నీ పక్కన నిలబడి మడతపెట్టే మనిషిది ఏ ఊరు, అవి రాసి పంపు. చేత్తో రాయి. ఫొటోలు పంపకు, నా ఫోనులో చోటు లేదు.