కుక్కపిల్ల కడుపులో పురుగులు: ఇంట్లోనే మందు వేయొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఉప్పల్. మా గల్లీలో కుక్క ఈనితే ఒక పిల్లను తెచ్చుకున్నాం. దానికిప్పుడు 45 రోజులు. బాగానే తింటోంది కానీ పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. నిన్న విరేచనంలో సేమియా లాంటి తెల్లటి పురుగులు పడ్డాయి. వెల్లుల్లి, వేపాకు నూరి పట్టమని మా అత్తమ్మ అంటోంది. మా పాపకు తెచ్చిన నులిపురుగుల గోలీ ఒకటి మిగిలింది. అందులో సగం వేయొచ్చా?

జవాబు: ఆ గోలీ వేయకండి. అది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది అయి ఉంటుంది. కుక్కల్లో అది ఎముక మజ్జను దెబ్బతీసే ప్రమాదం ఉంది. వెల్లుల్లి కూడా వద్దు. అది ఉల్లి జాతిదే, కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడుతుంది. ఇక వేపాకు చేదుకు పేగుల్లోని పురుగులు చావవు. అత్తమ్మగారు ప్రేమతోనే చెప్పారు, కానీ ఈ పసిదానికి అది పనికిరాదు.

మీరు చూసినవి చాలావరకు ఏలికపాములే. శుభ్రంగా పెంచుతున్నా ఎలా వచ్చాయని బాధపడకండి. తల్లి కుక్క కండరాల్లో దాగి ఉన్న పిల్లపురుగులు, అది చూలుతో ఉన్నప్పుడు కదిలి కడుపులోని కూనల్లోకి చేరతాయి. పుట్టాక పాలతోనూ వస్తాయి. అందుకే కూనలకు రెండు వారాల వయసులోనే నట్టల (కడుపులో పురుగుల) మందు మొదలుపెట్టాలంటాం.

మందు ఇంట్లోనే వేయొచ్చు, కానీ తూకం చూసుకుని. కిరాణా కొట్టు కాంటా మీద బుట్టలో పెట్టి తూయించండి. ఆ బరువు వెటర్నరీ డాక్టర్‌కు చెప్పి, కూనలకిచ్చే పైరాంటెల్ సిరప్ రాయించుకోండి. ఒక్కో కంపెనీ సిరప్ బలం ఒక్కోలా ఉంటుంది, అందుకే ఎన్ని ఎంఎల్ వేయాలో చూడకుండా చెప్పలేను. సూది తీసేసిన సిరంజితో, బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టండి. తల పైకెత్తి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పస్తు పెట్టే పని లేదు. ఒకటి రెండు రోజులు విరేచనంలో పురుగులు పడితే టెన్షన్ పడకండి, మందు పనిచేస్తున్నట్టే.

చాలామంది ఒక్క డోసుతో ఆపేస్తారు, అక్కడే మళ్లీ మొదటికొస్తుంది. మందు పేగుల్లోని పురుగులనే చంపుతుంది. ఒంట్లో తిరుగుతున్న పిల్లపురుగులు తర్వాత పేగుల్లోకి దిగుతాయి. కాబట్టి 15 రోజులకు మళ్లీ వేయండి. ఆపైన ఆరు నెలల వయసు వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. మొదటి టీకాకూ వయసు వచ్చింది, ఎప్పుడు వేయించాలో ఆ డాక్టర్‌నే అడగండి. విరేచనంలో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగులు, వాటి మందు వేరు.

ఇవాళే ఒక పని చేయండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉంటే పర్వాలేదు. సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటే కొంకిపురుగులు రక్తం తాగుతున్నాయేమోనని అనుమానించాలి. అప్పుడూ, వాంతులు, రక్త విరేచనాలు, తిండి మానేయడం లాంటివి ఉన్నా ఇంటి వైద్యం వద్దు. అది పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు కూడా కావచ్చు. వెంటనే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో తీసుకెళ్లండి.

ఇంట్లో పాప ఉంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈ పురుగుల గుడ్లు మట్టిలో కొన్ని వారాలకు అంటుకునే స్థితికి వస్తాయి, నోట్లోకి పోతే పిల్లల కళ్లకు కూడా ప్రమాదం. కూన విరేచనాన్ని ఏ రోజుకారోజు ఎత్తేయండి. కూనను ముట్టుకున్నాక, అన్నం తినే ముందు పాప చేతులు సబ్బుతో కడిగించండి. అది విరేచనం చేసే చోట పాపను చెప్పుల్లేకుండా తిరగనివ్వకండి.