సంత తరలిస్తారన్న కబురు మీద అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

పర్లాకిమిడి, ఒడిశా

చి.సౌ. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ అంతా కులాసా. నిన్న ఫోనులో నువ్వు చెప్పిందంతా విన్నాను గానీ, జవాబు ఫోనులో చెబితే సగం నువ్వు మరిచిపోతావు, మిగతా సగం నేను మరిచిపోతాను. అందుకని రాస్తున్నాను. నువ్వు ఒడియా బడిలో చదువుకున్నదానివి, తెలుగు కూడబలుక్కుని చదువుతావని తెలుసు. మీ అమ్మ చేత చదివించుకో. పనికొచ్చిన చోట గీత పెట్టుకో.

సంత రోడ్డు మీద కూర్చుని అమ్ముకునే వాళ్లందర్నీ బైపాసు అవతలికి పంపేస్తారని ఊరంతా అనుకుంటున్నారన్నావు. రేపో మాపో అందరూ కలిసి మునిసిపాలిటీ ముందు కూర్చుంటారన్నావు. కూర్చోవద్దని నేననను. కానీ తల్లీ, ఇందులో నువ్వు కంటితో చూసిన కాగితం ఒక్కటైనా ఉందా? ఎవరో కౌన్సిలరు తమ్ముడు టీ కొట్టు దగ్గర అన్నమాట పట్టుకుని ధర్నాకి వెళితే, మునిసిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, అదే ఈవో, బయటికొచ్చి "అలాంటి నిర్ణయమేదీ లేదమ్మా" అంటాడు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. మూడు నెలల తర్వాత పొక్లెయిన్ వస్తుంది. ఆయన అబద్ధమాడాడని కూడా అనలేవు. ఆ రోజుకి నిర్ణయం నిజంగానే లేదు, ఎస్టిమేటు మాత్రం ఉంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. "సంత తరలింపు" అన్న పేరుతో ఏ అజెండాలోనూ అంశం కనబడదు. "ఫలానా రోడ్డు వెడల్పు, పక్క డ్రైను పని" అని ఉంటుంది. లేకపోతే "కొత్త మార్కెట్ కాంప్లెక్సుకి టెండరు" అని ఉంటుంది. డబ్బు మంజూరు చేసే అంశంలోనే జనాన్ని లేపేసే నిర్ణయం దాగి ఉంటుంది. మీటింగులో దాని గురించి పెద్ద మాటలేం ఉండవు. టీ, సమోసాలు వస్తాయి, వీధి దీపాల మీద గంటసేపు దెబ్బలాడుకుంటారు, ఇది మాత్రం అర నిమిషంలో అయిపోతుంది. ఆనక ప్రొసీడింగ్స్ పుస్తకంలో "సర్వసమ్మతిక్రమే గృహీత" అని, అంటే అందరి సమ్మతితో ఆమోదించారని, రాసేస్తారు. గుమస్తాగిరీ చేసినన్నాళ్లూ ఆ మాట నా చేత్తో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒక కౌన్సిలరు లేచి వద్దన్నా, ఆ వద్దన్న మాట పుస్తకంలో ఎక్కకపోతే అతను సమ్మతించినట్టే. కాబట్టి మీ వైపు మాట్లాడే కౌన్సిలరు ఎవరైనా దొరికితే అతన్ని అరవమనకు. తన అభ్యంతరం పుస్తకంలో రాయించి, కింద సంతకం పెట్టి రమ్మను.

ముందు అజెండా సంపాదించు. కౌన్సిలర్లందరికీ వెళుతుంది గనుక అది రహస్యమేమీ కాదు. మీ వార్డాయన ఇవ్వకపోతే పక్క వార్డాయన ఇస్తాడు. ఒడియాలో ఉంటుంది కాబట్టి నువ్వే చదవాలి. మన తెలుగు వాళ్లలో పెద్దవాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. నోటీసు బోర్డు ముందు నుంచి రోజూ నడిచిపోతూనే ఉంటారు. 1936లో ఒరిస్సా ఏర్పడ్డ నాటి నుంచీ మన వాళ్లకున్న ఇబ్బందే ఇది. అదృష్టం కొద్దీ నీకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ముందు సర్వే చేసి, అమ్ముకునే వాళ్లందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాలి. అది పూర్తి కాకుండా ఒక్కర్ని కూడా లేపకూడదు. ఆ తర్వాతైనా లేపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఊరికి ఒక టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. ఈవోనే దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వ్యాపారులే, అదీ తమలో తాము ఎన్నుకున్న వాళ్లు. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఆదివాసీలకూ చోటుండాలి. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా, ఉంటే అందులో ఎవరున్నారు, ఆఖరుసారి ఎప్పుడు కూర్చుంది? ఈ ప్రశ్నలు నోటితో అడిగితే నవ్వి ఊరుకుంటారు. కాగితం మీద అడుగు.

అడిగే ముందు ఒకటి చూసుకో. మీరు కూర్చునే స్థలం ఎవరిది? ఈ చట్టం రైల్వే భూమికి వర్తించదు. మన వైపు ఊళ్లలో స్టేషను రోడ్డు సంతలన్నీ సగం మునిసిపాలిటీ జాగాలో, సగం రైల్వే జాగాలో ఉంటాయి. మధ్యలో గీత ఎక్కడుందో ఎవరికీ పట్టదు. రాయగడకి రైల్వే డివిజను వచ్చింది, 2025 జనవరిలో శంకుస్థాపన కూడా అయింది. ఇక మీద ఆ డివిజను లైన్ల పొడుగునా ఉన్న ఊళ్లన్నిటా రైల్వే వాళ్లు తమ హద్దులు చూసుకోక మానరు. కాబట్టి భూమి కొలిచే అమీను ఎవరైనా తెలిసినవాడుంటే బతిమాలి ప్లాటు నంబర్లు రాయించుకో. లేకపోతే ప్రభుత్వం వాళ్ల భూముల రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో నువ్వే చూడు, ఖాతా నంబరు, ప్లాటు నంబరు, కిసం (అంటే భూమి రకం) అన్నీ కనబడతాయి. మీ వాళ్లను పంపిస్తామంటున్న బైపాసు స్థలం ప్లాటు కూడా అలాగే చూడు. దాని కిసం గోచర్ (పశువుల మేత భూమి) అనో, జలాశయమనో వచ్చిందనుకో, అక్కడ మార్కెట్టు కట్టడం వాళ్లు చెప్పినంత తేలిక కాదు. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి దాచుకో.

ఇంక సర్వే గురించి. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. సర్వే వాళ్లు పొద్దున్న పదకొండింటికి, మామూలు రోజున వస్తారు. ఆ వేళకి ఎవరుంటారు? గొడుగు పాతుకుని రోజూ కూర్చునే మన కూరగాయల వాళ్లు, చెప్పుల వాళ్లు, ప్లాస్టిక్ సామాన్ల వాళ్లు. కొండ మీద నుంచి పసుపు, అల్లం, అనాసపళ్లు, విస్తరాకులు నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామునే దిగి, ఎండ ముదరకముందే అమ్ముకుని వెళ్లిపోయే కోందు ఆదివాసీ ఆడవాళ్లు లెక్కలోకే రారు. సంత వాళ్లది కూడానా అంటే, అసలు వాళ్లదే ముందు. మనం వాళ్ల దగ్గర కొని అమ్ముకునే వాళ్లం.

ఒక చిత్రం చూడు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం గురించి పన్నెండు ఊళ్లలో సభలు పెట్టి అడిగారు. పన్నెండూ వద్దన్నాయి, ఆ మాట నెగ్గింది. కొండ మీద వాళ్లకి అంత మాట చెల్లింది. అదే మనుషులు కొండ దిగి మునిసిపాలిటీ హద్దులోకి వస్తే వాళ్లను అడిగే సభే లేదు. పాత కొరాపుట్ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతమే కదా. షెడ్యూల్డు ప్రాంతాల్లో పల్లెలకి 1996లో గ్రామసభ మాటకి బలమిచ్చే పెసా చట్టం వచ్చింది. పట్టణాలకి అలాంటిదే ఒకటి కావాలని 2001లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది ఇప్పటికీ చట్టం కాలేదు. కాబట్టి ఊరు పెరిగి చుట్టుపక్కల పల్లెలను మునిసిపాలిటీలో కలుపుతామన్నప్పుడు ఆ పల్లెల వాళ్లు సంబరపడితే నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు. హోల్డింగ్ టాక్సు (ఇంటి పన్ను) వస్తుంది, ఊరంతా కూర్చుని మాట్లాడుకునే పల్లి సభ పోతుంది. ఇది మరో ఉత్తరానికి సరిపడా సంగతి, వదిలేస్తున్నాను.

అందుకని మునిసిపాలిటీ సర్వే కోసం ఎదురు చూడకుండా లెక్క మీరే రాయండి. ఒక పెద్ద లాంగ్ నోటుబుక్కు కొను. సంత రోజున తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లు. పేరు, ఊరు, ఏం అమ్ముతారు, ఎవరి కాలం నుంచి అమ్ముతున్నారు, ఎంత జాగాలో కూర్చుంటారు. పక్కన వేలిముద్రో సంతకమో. ఫోనులో ఒక ఫొటో. మన వాళ్ల పేర్లతో మొదలుపెట్టకు. మొదటి పేజీలో కోందు ఆడవాళ్లు, తర్వాత ఒడియా వాళ్లు, ఆ తర్వాత మనం. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. మొదటి పేజీ నిండా తెలుగు ఇంటిపేర్లుంటే "ఇది తెలుగు వాళ్ల గొడవ" అని రెండో రోజుకే ఎవడో ఒకడు అంటాడు. అక్కడితో కూరగాయల సంగతి పోయి భాషల తగువు మొదలవుతుంది. దరఖాస్తు కూడా ఒడియాలోనే రాయి.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఏ లాయరూ నీకు చెప్పడు. ఆశీలు రసీదులు, అంటే సంతలో కూర్చున్నందుకు కట్టే రుసుము చీట్లు, వెతుకు. ఇప్పుడంటే ఎవరూ దాచరు గానీ, ముసలమ్మల ట్రంకు పెట్టెల్లో, దేవుడి పటం వెనక, పాత ఆశీలు చీట్లు దొరుకుతాయి. అవి దొరక్కపోయినా ఫరవాలేదు, ఏటేటా మునిసిపాలిటీ ఆశీలు పాట పెట్టి కాంట్రాక్టు ఇస్తూ వచ్చింది కదా, ఆ రిజిస్టర్లు రికార్డు రూములో ఉండాలి. ఫలానా సంత మీద ఫలానా ఏడు ఇంత పాట పలికిందని వాళ్ల చేతి రాతే సాక్ష్యం. యాభై ఏళ్లకు పైబడి సాగుతున్న సంతను వారసత్వ మార్కెట్టుగా ప్రకటించాలనీ, అక్కడివాళ్లను తరలించకూడదనీ 2014 చట్టంలోనే ఉంది. మీ సంతకి యాభై ఏళ్లు దాటాయని మీ తాతగారి మాట చాలదు, ఆశీలు రిజిస్టరు చాలు. అలాగే వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన స్వనిధి అప్పు, అప్పట్లో మొదటి విడత పదివేలు, మీలో చాలామంది తీసుకున్నారు. ఆ అప్పు కోసం మునిసిపాలిటీ ఇచ్చిన కాగితాలు జిరాక్సు తీయించు. అప్పు ఇప్పించేటప్పుడు వ్యాపారి అని రాసినవాళ్లు, లేపేటప్పుడు ఆక్రమణదారు అని రాయలేరు.

ఇవన్నీ సమాచార హక్కు కింద అడుగు. మన ఒడిశాలో ఫారం 'ఎ' మీదే రాయాలి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, నీ గుర్తింపు కార్డు జిరాక్సు జతచేయాలి. "సంత ఎందుకు తరలిస్తున్నారు?" అని రాయకు. ఎందుకు అన్న ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదని తిప్పి పంపేస్తారు. ఫలానా తీర్మానం నకలు, వెండింగ్ కమిటీ సభ్యుల జాబితా, సర్వే జాబితా, కొత్త స్థలం ప్లాటు నంబరు, ఆశీలు పాట రిజిస్టరు పేజీలు అని ఉన్న కాగితాలనే పేరు పెట్టి అడుగు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి 30 రోజుల్లోపు ఇరవై రూపాయల స్టాంపుతో మొదటి అప్పీలు. ఏ కాగితం ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లు, రెండోదాని మీద ముద్ర, తేదీ, డైరీ నంబరు (కాగితం అందినట్టు రాసుకునే నంబరు) వేయించుకోకుండా గుమ్మం దిగకు. డైరీ బాబు భోజనానికి వెళ్లాడంటే అక్కడే బల్ల మీద కూర్చో. తిరిగొచ్చేసరికి నువ్వింకా ఉన్నావని చూసి తనే వేస్తాడు.

వద్దు అని మాత్రం అర్జీ పెట్టకు. రోడ్డు ఇరుకైన మాట నిజమే కదా? ఆస్పత్రికి వెళ్లే అంబులెన్సు ఆ సంతలో ఇరుక్కోవడం నువ్వే చెప్పావు. ఊరు పెరుగుతోంది, బళ్లు పెరిగాయి. ఒక టేపు పట్టుకుని పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి రోడ్డు కొలువు. ఒక పక్కనే కూర్చుంటే ఎన్ని అడుగులు మిగులుతాయో, పొద్దున్న తొమ్మిది వరకు రెండు పక్కలా ఇస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీయి. "వద్దు" అన్న అర్జీని ఫైల్లో పెట్టి మూసేస్తారు. గీత గీసిన అర్జీ అయితే ఇంజనీరు బల్ల మీదకి వెళుతుంది, అతను ఏదో ఒకటి రాయక తప్పదు. తప్పనిసరిగా కొందరు కదలాల్సి వస్తే నీళ్లు, దీపాలు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి అయ్యాకే కదులుతామని రాయించుకోండి. కొండ మీది వాళ్లకి బైపాసు దాకా ఆటో ఖర్చు ఎంత పడుతుందో కూడా అర్జీలో వెయ్యి. వాళ్ల గంప మొత్తం అమ్మితే వచ్చేదెంతో నీకు తెలుసు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నావు. పూర్వమైతే వార్డు కౌన్సిలర్లను కూడగడితే చైర్మను దిగొచ్చేవాడు, వాళ్లు ఎన్నుకుంటేనే అతను చైర్మను. 2022 మార్చి ఎన్నికల నుంచి చైర్‌పర్సన్‌కి జనమే నేరుగా ఓటేస్తున్నారు. ఇప్పుడు ఆ మనిషికి మీ వార్డు ఒక్కటే కాదు, ఊరంతా కావాలి. సంతకి వచ్చే ఇల్లాళ్లు అన్ని వార్డుల వాళ్లూను. అర్జీ మీద అమ్మేవాళ్ల సంతకాలతో బాటు కొనేవాళ్ల సంతకాలు వార్డు నంబరుతో సహా తీసుకో. 2027లో గడువు ముగుస్తుంది, ఆ వార్డు నంబర్ల వరస చూడగానే లెక్క వాళ్లే వేసుకుంటారు. ఈ మాట నువ్వు పైకి అనకు.

కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చునే సోమవారం గ్రీవెన్సుకి (ఫిర్యాదులు వినే రోజుకి) కూడా వెళ్లండి, అయితే చేతిలో డైరీ నంబరు ఉన్నాకే. ముందు ఎక్కడ అర్జీ ఇచ్చారని మొదటి ప్రశ్న వస్తుంది. గుంపుగా వద్దు, నలుగురు చాలు. ఆ నలుగురిలో ఒక్కరైనా కోందు మనిషి ఉండాలి, తన భాషలోనే మాట్లాడాలి. నువ్వు పక్కన నిలబడి ఒడియాలో చెప్పు. పార్టీ కండువా వేసుకుని వస్తానన్న వాడిని ఆ రోజుకి ఇంట్లో ఉండమను, ఎంత దగ్గరి చుట్టమైనా సరే. మీ మావయ్య గురించే అంటున్నాను.

ఫారం 'ఎ' రాశాక ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, అడిగిన కాగితాల పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసి చెబుతాను. ఆశీలు చీట్లు ఎవరి దగ్గర తీసుకున్నా జిరాక్సు తీసి అసలువి అదే రోజు వాళ్లకి ఇచ్చెయ్యి. సాయంత్రం ఐదు దాటాక ఫోను చెయ్యి, పగలు మీ పెద్దమ్మ కళ్ల డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాం.

ఇట్లు,
పెదనాన్న