కళ్లద్దాల్లో కాలం

ప్రశ్న: ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ (2011) రెండుసార్లు చూశాం. ఏది ఇప్పటిదో, ఏది పాత సంగతో తేలక తికమకపడ్డాం. మేమూ ఒక పాత తెలుగు గూఢచారి నవలను అరగంట సినిమాగా తీద్దామనుకుంటున్నాం. స్క్రిప్టు రాస్తే సగం వాయిస్ ఓవరే అయింది. ఏం చేయాలి?
– మిత్రబృందం, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఈసారి ఆ సినిమా కథానాయకుడు, గూఢచారి స్మైలీ కళ్లద్దాలు గమనించండి. మొదట్లోనే కొత్త జోడు పెట్టించుకుంటాడు. ఆ తర్వాత పాత జోడు ఎక్కడ కనిపించినా అది గతం. తెరమీద తేదీ వేయకుండానే కాలం చెప్పేశారు. ఎంత శ్రద్ధ!

ఈ సినిమాకు మూలమైన జాన్ లె కారే నవల 1974లో వచ్చింది. 1979లో బీబీసీ దాన్ని ఏడు భాగాల సీరియల్‌గా తీసింది. సినిమాకు దొరికింది రెండు గంటల చిల్లర. అందుకే నవలలో లేని క్రిస్మస్ పార్టీని కల్పించారు. ఎవరికి ఎవరితో స్నేహం, ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారు అనే పేజీల కొద్దీ వ్యవహారం ఆ ఒక్క హాల్లో చూపులతోనే తెలిసిపోతుంది.

మీ స్క్రిప్టులో చిక్కల్లా నవల వాక్యాలను ఉన్నవున్నట్టు ఎత్తి రాయడమే. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి: హీరోకి తెలిసింది, శత్రువుకి తెలిసింది, ప్రేక్షకుడికి తెలిసింది. సీను పూర్తయ్యేసరికి వీటిలో ఒక్కటీ మారకపోతే ఆ సీను కొట్టేయండి. స్క్రిప్టు పేజీ సుమారు నిమిషం లెక్కన 30 పేజీలు దాటొద్దు. పాత్రలను కలిపేయొచ్చు గానీ అనుమానితులను ఇద్దరికి కుదించకండి. ఒకడు కాదని తేలగానే రెండోవాడు దొరికిపోతాడు. కనీసం ముగ్గురుండాలి.

‘ఎవరో వెంబడిస్తున్నారని అతనికి అనుమానం వచ్చింది’ అని నవలలో ఉందనుకుందాం. మీ బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ గళ్లు గీసినట్టుంటాయి కదా. వరసగా నాలుగుసార్లు కుడివైపు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తారు. పనిమీద పోయేవాడెవడూ అలా నడవడు. నాలుగో మలుపు తర్వాత కూడా వెనక అదే నీలం చొక్కా ఉంటే ఇక మాటెందుకు? అయితే మొదటి మలుపులో ఆ చొక్కాను ఫ్రేము అంచున, జనం మధ్య ఉంచండి. అప్పుడే క్లోజప్ వేశారా, నడక మొత్తం వృథా.

ప్రశ్న: నేను సినిమాగా తీద్దామనుకుంటున్న నవల రాసినాయన చనిపోయారు. అయినా హక్కులు కొనాలా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: కొనాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. పుస్తకం వేసిన ప్రచురణకర్త దగ్గర సినిమా హక్కులు ఉంటాయని అనుకోవద్దు. ముందు వారసులను అడగండి. ఒప్పందం కాగితం మీదే ఉండాలి. హక్కులు రాయించుకునేటప్పుడు గడువు వేయకపోతే అయిదేళ్లే లెక్క, ప్రాంతం వేయకపోతే భారతదేశం వరకే. యూట్యూబ్‌లో పెట్టే ఆలోచన ఉంటే ‘ప్రపంచమంతటా’ అని తప్పక రాయించుకోండి.