మీ ప్రశ్న - మా జవాబు: తూటాకు చావని లీసా

ప్రశ్న: రెసిడెంట్ ఈవిల్ హారర్ వీడియో గేమ్ రీమేక్‌లో లీసా ట్రెవర్ మీద నా దగ్గరున్న తూటాలన్నీ ఖర్చయిపోయాయి. చావదేం? అసలు ఈమె ఎవరు?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: చావదు. తుపాకీతో చంపే వీలే పెట్టలేదు. తగిలితే కాసేపు కూలబడి మళ్లీ లేస్తుంది. అడవి దారిలో గుడిసె దగ్గర మొదటిసారి ఎదురైనప్పుడు క్రాంక్ (తిప్పే పిడి) తీసుకుని, పక్కనుంచి తప్పుకుని తలుపు దాటేయండి, అంతే. ఆఖరిసారి నేలమాళిగలో శవపేటిక దగ్గర కనిపిస్తుంది. అక్కడ నాలుగు రాళ్లుంటాయి, వాటి గొలుసులు పేటికను బిగించి ఉంటాయి. నాలుగింటినీ లోయలోకి నెట్టాలి. ఆమె ఇటు వస్తే మీరు అటు రాయికి పరుగెత్తండి. చాలామంది పోయేది అంచున నిలబడి కాల్చబోయి. ఒక్క దెబ్బకు కింద పడతారు. జిల్ పాత్రతో ఆడుతుంటే ఆమె సహచరుడు బ్యారీ తన తుపాకీ తిరిగి అడుగుతాడు, ఇచ్చేయండి. లేకపోతే అతనే పోతాడు.

ఇక కథ. 1996 నాటి మొదటి ఆటలో లీసా లేదు, 2002 రీమేక్‌లో చేర్చారు. ఆట జరిగే భవంతిని కట్టిన ఆర్కిటెక్ట్ జార్జ్ ట్రెవర్ కూతురు. 1967లో తల్లినీ కూతుర్నీ బంధించి వైరస్ ఎక్కించారు. తల్లి పోయింది. కూతురు బతికింది, ఆ పిల్ల చేసుకున్న పాపం అదే. తల్లినంటూ వచ్చిన మనిషిని చంపి, ముఖం ఒలిచింది, అమ్మ ముఖం అమ్మకే ఇచ్చేద్దామని. దొరికే చీటీలు తేదీల వరసలో చదవండి: మొదట బడిపిల్ల రాసినట్టు బుద్ధిగా ఉంటాయి, పోనుపోను మాటలు తెగిపోతాయి. పేటిక తెరుచుకుంటే లోపల తల్లి పుర్రె. దాన్ని గుండెకు హత్తుకుని దూకేస్తుంది. ఇంతసేపూ మీరు నెట్టిన రాళ్లు అమ్మ పేటికకు తాళాలన్నమాట.

ప్రశ్న: సైలెంట్ హిల్ 2 ఆటలో ఏంజెలా అనే అమ్మాయిని కాపాడే దారి ఉందా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: లేదు. 2001 ఆటలోనూ లేదు, 2024 రీమేక్‌లోనూ లేదు. మండుతున్న మెట్ల మీద ఆమె అంతకుముందు ఇచ్చిన కత్తి తిరిగి అడుగుతుంది, జేమ్స్ (మీరు ఆడే పాత్ర) ఇవ్వడు, ఆమె మంటల్లోకి నడిచిపోతుంది. అయితే ఆ కత్తి మీ దగ్గరున్నంతకాలం ఒక పని చేస్తుంది. సంచీ తెరిచి దాన్ని పదేపదే పరిశీలిస్తే ఆట లెక్క రాసుకుంటుంది. గాయాలకు మందు వాడకుండా తిరిగినా అంతే. ఆ లెక్క పెరిగితే 'ఇన్ వాటర్' ముగింపు వస్తుంది, జేమ్స్ కూడా ప్రాణం తీసుకుంటాడు. అది వద్దనుకుంటే కత్తి జోలికి పోకండి, దెబ్బ తగలగానే నయం చేసుకోండి, జేమ్స్ చనిపోయిన భార్య మేరీ ఫొటో, ఉత్తరం అప్పుడప్పుడూ తీసి చూడండి.

ప్రశ్న: మూతబడ్డ అభ్రకం గనిలో చిన్న హారర్ ఆట చేస్తున్నాం. అందులో బాధితురాలు ఒక కార్మికురాలు. ఎలా రాయాలి?
- ఇద్దరు మిత్రులు, సైదాపురం

జవాబు: ముందు ఆమెకు హెల్త్ బార్ (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత) తీసేయండి. చంపితే తూటాలు రాలే మనిషి మీద ఎవరికీ జాలి పుట్టదు. మూడుసార్లు కనిపిస్తే చాలు: మొదటిసారి శబ్దం మాత్రమే, రెండోసారి వీపు, మూడోసారి ముఖం. శబ్దం ఏడుపు కాకూడదు, ఆమె పని చప్పుడు కావాలి. రేకు అంచులో కత్తి దూర్చి పొర విడదీసేటప్పుడు వచ్చే ఆ సన్నటి చిరుగు చప్పుడు రికార్డు చేసుకోండి. టార్చి వేస్తే కాకిబంగారం గోడంతా మెరుస్తుంది. ఆ మెరుపుల్లో రెండు మాత్రం కదలాలి. ఆటలో దొరికే ఆమె కాగితాలు నాలుగైదు మించొద్దు, ఒక్కోటి 40 మాటల్లోపు. 'నాకు అన్యాయం జరిగింది' లాంటి మాట ఎక్కడా రానీయకండి. కూలి లెక్క, ఇంట్లో పిల్లకు కొనాల్సిన పలక, రాని వారం జీతం రాస్తే చాలు. ఊళ్లో నిజంగా పోయినవాళ్ల పేర్లు మాత్రం వాడొద్దు, వాళ్ల ఇళ్లు ఇప్పటికీ అక్కడే ఉంటాయి.