పిడికిలి తెరిచి చూడండి

అమ్మకు రోజూ స్నానం చేయిస్తున్నామని సంరక్షణ కేంద్రం వాళ్లు చెబుతున్నా, దగ్గరికి వెళితే వాసన వస్తోందనీ, ఎలా నిలదీయాలనీ అడిగారు. మా నాన్నగారి విషయంలో ఆ మాటే నమ్మి 3 నెలలు ఊరుకున్నాను.

పక్షవాతంతో ఆయన కుడిచేయి ముడుచుకుపోయింది. నేను వెళ్లేసరికి తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి కూర్చోబెట్టేవారు (ఇస్త్రీ కూడా!). ఒకరోజు ఆ చేయి పట్టుకుంటే పుల్లటి వాసన. గోరువెచ్చని నీళ్లతో తడిపి ఒక్కొక్క వేలూ విప్పితే, అరచేయి తెల్లగా నానిపోయి ఉంది. చిటికెనవేలి గోరు చర్మంలోకి దిగింది. శుభ్రం చేసినట్టు రాసుకునే చార్టులో ఉదయం గడిలో సంతకం ఉంది. సాయంత్రం గడిలోనూ ఉంది. అప్పుడు సమయం ఉదయం 11 గంటలు.

అందుకే ముఖమూ బట్టలూ చూసి తృప్తిపడకండి. గజ్జలు, రొమ్ముల కింద మడతలు, మడమలు, నడుము కింది ఎముక దగ్గర చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు పాలిపోకుండా అలాగే ఉంటే పడకపుండు మొదలైనట్టే. నల్లని చర్మం మీద ఎరుపు తెలియదు, వేడిగానో గట్టిగానో తగులుతుంది. నోటిని మాత్రం అసలు వదలకండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగాలి. సరిగా మింగలేని వారికి నోట్లోని పాచి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు.

నేను మొదట ఆయా మీద అరిచాను. పొరపాటే. ఆ పూట కేంద్రంలో ఉన్న అంతమందినీ ఆమె ఒక్కతే చూసుకుంటోంది. తర్వాత నర్సుల పర్యవేక్షకురాలికి తేదీ, ఫోటోలతో రాసిచ్చాను. ‘స్నానం చేయించారా?’ అంటే ‘ఆఁ’ అనేస్తారు. ‘ఈ రోజు డైపరు ఎన్ని గంటలకు మార్చారు, ఎవరు మార్చారు, చర్మం ఎలా ఉంది?’ అని అడగండి. ‘ఆవిడే వద్దన్నారు’ అంటే, అరగంట ఆగి మళ్లీ ఎవరు ప్రయత్నించారో అడగండి. మతిమరుపు జబ్బున్న వాళ్లు మొదటిసారి కాదన్నా రెండోసారి ఒప్పుకోవడం మామూలే. రాతపూర్వకంగా అడిగినా కదలిక లేకపోతే ఆ కేంద్రానికి అనుమతి ఇచ్చిన అధికారులకు ఫిర్యాదు చేయండి. పుండు కనిపిస్తే మాత్రం ఇవేవీ తేలేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు నాన్నగారి అరచేతిలో చుట్టిన మెత్తని గుడ్డ ఉంటుంది, రోజుకు రెండుసార్లు మారుస్తారు. నేను చెప్పకుండా వెళ్లి ముందు చూసేది ఆ గుడ్డనే.